మొదటిసారి కరీబియన్ క్రూజ్: ఏ టూర్ ఎంచుకోవాలి, ఏ బీచ్‌కి వెళ్ళాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటున్న మన కుటుంబాలు, ముఖ్యంగా ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, ఫ్లోరిడాలో ఓడ ఎక్కి కరీబియన్ దీవులు చూసి రావడం ఇప్పుడు మామూలైంది. టికెట్ కొన్న మర్నాటి నుంచే ఫోన్లు మొదలవుతాయి. అడిగేవారు మారినా సందేహాలు మాత్రం అవే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోండి, వరుసగా చదవనక్కరలేదు.

## బయల్దేరే ముందు, ఇంటి దగ్గర

మా ఓడ నాలుగు రేవుల్లో ఆగుతుంది. నాలుగు చోట్లా టూర్ బుక్ చేసుకోవాలా?

వద్దు. మొదటిసారి వెళ్ళేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. రోజూ ఉదయం ఏడింటికి అలారం, హడావిడిగా టిఫిన్, రేవులో బోర్డు పట్టుకున్న గైడు కోసం వెతుకులాట. మూడో రోజుకల్లా పెద్దవాళ్ళు నీరసించిపోతారు, పిల్లలు పేచీ మొదలుపెడతారు. నాలుగు రేవులుంటే ఒకచోట మంచి టూర్, ఒకచోట రోజంతా ఒకే బీచ్, ఒకచోట ఊళ్ళో కాలినడకన తిరగడం పెట్టుకోండి. నాలుగోది ఖాళీగా వదిలేయండి. ఆ రోజు ఓడ దిగకపోయినా నష్టం లేదు.

ఓడలు వెళ్ళే దారులు ఈస్టర్న్, వెస్టర్న్, సదరన్ అని మూడు అంటున్నారు. బీచ్‌ల కోసమైతే ఏది మంచిది?

కేవలం బీచ్‌లే కావాలంటే ఈస్టర్న్. సెయింట్ థామస్, సెయింట్ మార్టిన్ లాంటి దీవుల్లో రేవు నుంచి అరగంటలోపే మంచి బీచ్‌లు ఉన్నాయి. వెస్టర్న్‌లో మెక్సికోకు చెందిన కోజుమెల్, ఇంకా గ్రాండ్ కేమన్, జమైకా, బెలీజ్ వస్తాయి. పగడపు దిబ్బలు, మాయా నాగరికత శిథిలాలు, జలపాతాలు చూడాలనుకునేవారికి ఇది సరిపోతుంది. సదరన్‌లో అరూబా, క్యురసావ్, బార్బడోస్, సెయింట్ లూసియా, గ్రెనడా లాంటివి ఉంటాయి. దీవికీ దీవికీ పోలిక ఉండదు. నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే, కానీ చాలా ఓడలు ప్యూర్టోరికోలోని శాన్ వాన్ నుంచి బయల్దేరతాయి కాబట్టి అక్కడిదాకా విమాన ఖర్చు కలుపుకోవాలి.

ఓడవాళ్ళ టూర్ ఖరీదెక్కువ. బయట బుక్ చేసుకుంటే ఏమవుతుంది?

చాలాసార్లు ఏమీ కాదు. బయట బుక్ చేసుకుంటే డబ్బు తక్కువ, గుంపు చిన్నది, మీ ఇష్టం వచ్చినంతసేపు ఆగవచ్చు. తేడా అంతా ఆలస్యమైనప్పుడే తెలుస్తుంది. ఓడ తరఫున వెళ్ళిన బస్సు దారిలో చిక్కుకుంటే మీ కోసం ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్ళే తీసుకుంటారు. సొంతంగా వెళ్ళినవారి కోసం ఓడ ఆగదు. తుఫాను వల్ల ఓడ ఆ రేవుకే వెళ్ళకపోతే ఓడవాళ్ళ టూర్ డబ్బు తిరిగి వస్తుంది. బయటివారి విషయంలో రద్దు నియమాలు ముందే చదువుకోవాలి.

నేను పాటించే పద్ధతి చెబుతాను. రేవుకు అరగంట దూరంలోపు చోటుకైతే టాక్సీ మాట్లాడుకుని సొంతంగా వెళ్తాను. మధ్యలో ఫెర్రీ దాటాలన్నా, గంటకు మించి ప్రయాణమున్నా ఓడవాళ్ళ టూరే తీసుకుంటాను. ఒకసారి చిన్న టూర్ సంస్థ వ్యాను తిరుగు ప్రయాణంలో నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ నలభై నిమిషాలూ నాన్నగారు వాచీ చూసుకుంటూ నిలబడ్డారు. ఆ ముఖం గుర్తొస్తే మిగిల్చిన డబ్బుకు విలువ కనిపించదు.

ఎనిమిదికి దిగి ఐదుకి బయల్దేరితే తొమ్మిది గంటలున్నట్టే కదా?

లేవు. ఎనిమిదికి ఓడ రేవుకు చేరినా అనుమతి వచ్చి, వరుసలో నిలబడి బయటపడేసరికి దాదాపు తొమ్మిదవుతుంది. ఐదుకి ఓడ కదులుతుందంటే నాలుగున్నరకల్లా లోపల ఉండాలి, కొన్ని ఓడలు ఇంకా ముందే రమ్మంటాయి. మీరు నాలుగింటికి రేవులో ఉండేలా అనుకోండి. రాకపోకలకు గంట తీసేస్తే ఆరు గంటలు మిగిలాయి. అందులో భోజనం, స్నానం, బట్టలు మార్చుకోవడం పోతే నాలుగున్నర. ఏ టూర్ చూసినా ఈ నాలుగున్నర గంటల్లో పడుతుందా అని లెక్క వేసుకోండి.

అమ్మానాన్నలది విజిటర్ వీసా, మాది హెచ్1బీ. ఇబ్బంది ఉంటుందా?

ఓడ విదేశీ రేవుల్లో ఆగి తిరిగి వస్తుంది కాబట్టి మళ్ళీ అమెరికాలో ప్రవేశించినట్టే లెక్క. అందరి పాస్‌పోర్టుల్లోనూ గడువు ఉన్న, ఒకటికి మించి ప్రవేశాలు అనుమతించే వీసా ఉండాలి. హెచ్1బీ స్టాంపు గడువు తీరినా మెక్సికో, కెనడాలకు స్వల్పకాలం వెళ్ళి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. ఆ వెసులుబాటు హెచ్ వీసాలవారికి కరీబియన్ దీవుల విషయంలో వర్తించదు. స్టాంపు లేకుండా ఓడ ఎక్కవద్దు. దీవుల వీసా నియమాలు దేనివి దానివే. మార్టినీక్, గ్వాడెలూప్ ఫ్రాన్స్ భూభాగాలు కాబట్టి అక్కడ ఫ్రాన్స్ నియమాలు వర్తిస్తాయి. మీ రేవుల జాబితా పట్టుకుని ఒక్కొక్కటీ టికెట్ కొనక ముందే చూసుకోవడం మేలు.

## బీచ్ ఎంచుకునేటప్పుడు

ఒకే దీవిలో ఒక బీచ్ ప్రశాంతంగా, ఇంకొకటి ఉధృతంగా ఉంటుందట. ముందే ఎలా తెలుస్తుంది?

మ్యాప్ చూస్తే చాలావరకు తెలుస్తుంది. ఇక్కడ ఏడాది పొడవునా గాలి తూర్పు నుంచి వీస్తుంది. అట్లాంటిక్ అలలు నేరుగా వచ్చి తూర్పు తీరాన్ని కొడతాయి. పడమటి తీరానికి దీవే అడ్డుగోడ. బార్బడోస్‌లో తూర్పున ఉన్న బాత్‌షీబా దగ్గర పెద్ద పెద్ద బండరాళ్ళ మీద తెల్లగా విరిగే అలల్ని చూసి రావాలి, నీళ్ళలో దిగకూడదు. అదే దీవికి పడమట సముద్రం చెరువులా ఉంటుంది. కోజుమెల్‌లోనూ అంతే. పగడపు దిబ్బలు, బీచ్ క్లబ్బులు పడమటి వైపు ఉంటే, ఎవరూ లేని అందమైన తూర్పు తీరంలో ప్రవాహాలు బలంగా లాగుతాయి. చలికాలంలో ఉత్తరపు అలలు ఉత్తర తీరాలకూ తగులుతుంటాయి. మన మచిలీపట్నం, సూర్యలంక తీరాల్లో అలలు చూసి పెరిగినవాళ్ళకు పడమటి బీచ్‌లో మొదటిసారి అడుగు పెడితే ఇది సముద్రమేనా అనిపిస్తుంది.

ఫొటోల్లో నీలం రంగు నీళ్ళు, వెళ్ళినవాళ్ళు మాత్రం గోధుమరంగు నాచు అంటున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే. సర్గాసమ్ అనే తేలే నాచు 2011 నుంచి పెద్ద మోతాదులో కరీబియన్ తీరాలకు కొట్టుకొస్తోంది. వసంతం నుంచి వేసవి చివరిదాకా ఎక్కువ. ఒడ్డున కుళ్ళితే కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది. తూర్పు ముఖంగా ఉన్న తీరాలకు, మెక్సికోలోని కోస్టా మాయా లాంటి చోట్లకు బెడద ఎక్కువ. పడమటి తీరాలకు తక్కువ. ఏప్రిల్ నుంచి ఆగస్టు మధ్య వెళ్తుంటే బయల్దేరే వారంలో ఆ బీచ్ తాజా ఫొటోలు చూసి, అప్పుడే డబ్బు కట్టండి.

సెయింట్ థామస్‌లో మేగెన్స్ బే, కోకి బీచ్, ట్రంక్ బే మూడూ బాగుంటాయట. ఒక్క రోజే ఉంది, ఏది?

మీతో ఎవరు వస్తున్నారన్నదాన్ని బట్టి. పెద్దవాళ్ళు, చిన్న పిల్లలు ఉంటే మేగెన్స్ బే. రెండు కొండచరియల మధ్య లోపలికి చొచ్చుకొచ్చిన, మైలు పొడవున్న ఇసుక తీరం. చాలా దూరం నడిచినా నీళ్ళు నడుము దాటవు. ప్రవేశానికి కొంత రుసుము ఉంది, స్నానాల గదులు, నీడ, తిండి అన్నీ ఉన్నాయి. మా అమ్మ అక్కడ చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుని మోకాళ్ళలోతు నీళ్ళలో గంటసేపు నిలబడింది. పాదాల చుట్టూ చిన్న చేపలు తిరుగుతుంటే కదిలితే పారిపోతాయని ఊపిరి బిగబట్టింది.

చేపలు చూడడమే ముఖ్యమైతే కోకి. ఒడ్డు నుంచి పది అడుగులు వేస్తే రంగురంగుల చేపలు కనిపిస్తాయి, కానీ బీచ్ చిన్నది, జనం ఎక్కువ. ట్రంక్ బే పక్కదీవి సెయింట్ జాన్‌లో, వర్జిన్ ఐలండ్స్ జాతీయ పార్కులో ఉంది. నీళ్ళ అడుగున పగడాల గురించి ఫలకాలు పెట్టిన ఈత బాట అక్కడి ప్రత్యేకత. మూడింటిలో అందమైనది అదే. అయితే రెడ్ హుక్ దాకా టాక్సీ, ఇరవై నిమిషాల ఫెర్రీ, మళ్ళీ టాక్సీ. ఓడ సాయంత్రం దాకా ఆగితేనే వెళ్ళండి.

టాక్సీ, టూర్ ఏదీ వద్దు. రేవు నుంచి నడిచి వెళ్ళే బీచ్‌లు ఉన్నాయా?

ఉన్నాయి. గ్రాండ్ టర్క్‌లో ఓడ దిగితే ఎదురుగానే ఇసుక. సెయింట్ మార్టిన్‌లో ఫిలిప్స్‌బర్గ్ ఊరి ముందున్న గ్రేట్ బేకు నడవవచ్చు, నడవలేనివారికి వాటర్ టాక్సీ పడవ ఉంటుంది. నసావులో జుంకనూ బీచ్‌కి నడక దూరమే. ఇవి ఆ దీవుల్లో గొప్ప బీచ్‌లు కావు, కానీ చంటిపిల్లలున్నవారికి ఎంతో అనుకూలం.

తల మీదుగా విమానాలు దిగే మాహో బీచ్‌కి పిల్లల్ని తీసుకెళ్ళవచ్చా?

చూడడానికి వెళ్ళండి, కంచె దగ్గరకు మాత్రం వద్దు. సెయింట్ మార్టిన్ విమానాశ్రయం రన్‌వే చివర, రోడ్డు పక్కనే ఈ బీచ్. విమానం దిగేటప్పుడు చూస్తే సంబరం. బయల్దేరే విమానం ఇంజన్ల గాలే ప్రమాదం. 2017లో కంచె పట్టుకుని నిలబడిన ఒక పర్యాటకురాలు ఆ గాలికి ఎగిరిపడి చనిపోయారు. పక్కకు, దూరంగా నిలబడితే అంతే బాగా కనిపిస్తుంది.

మాలో ఎవరికీ ఈత రాదు. అయినా ఏమైనా చేయగలమా?

బోలెడు. గ్రాండ్ కేమన్‌లోని స్టింగ్‌రే సిటీ ఈత రానివారికే ఉందనిపిస్తుంది. ఒకప్పుడు జాలర్లు నార్త్ సౌండ్ అనే ప్రశాంతమైన జలాల్లోని ఇసుక తిన్నెల దగ్గర చేపలు శుభ్రం చేసుకుని వ్యర్థాలు పారేసేవారు. వాటికి అలవాటుపడి స్టింగ్‌రేలు, అంటే టేకు చేపలు, రావడం మొదలైంది, ఇప్పటికీ వస్తున్నాయి. పడవలో వెళ్ళి నడుములోతు నీళ్ళలో ఇసుక మీద నిలబడతారు. కాళ్ళు ఎత్తి వేయకుండా ఇసుకను రాసుకుంటూ నడవాలి, అప్పుడు కింద పడుకున్న చేప ముందే తప్పుకుంటుంది. దాని పొట్ట చేతికి తగిలితే తడిపిన పట్టుగుడ్డలా ఉంటుంది.

నీళ్ళలో దిగడమే ఇష్టం లేకపోతే అడుగున అద్దాలున్న పడవలు చాలా రేవుల్లో దొరుకుతాయి. లైఫ్ జాకెట్ వేసుకుని గైడు పక్కన ఉండగా స్నార్కెలింగ్, అంటే మాస్కు పెట్టుకుని గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్ళ మీద తేలి చేపల్ని చూడడం, చేయవచ్చు. అయితే ఈత రాదని గైడుకు ముందే చెప్పండి. మొహమాటపడి చెప్పకపోవడం అన్నిటికన్నా ప్రమాదం.

అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. ఏం చూసుకోవాలి?

దూరం కన్నా మెట్లు, ఇసుక ముఖ్యం. టూర్ వివరాల్లో శ్రమ స్థాయి రాసి ఉంటుంది. ఎన్ని మెట్లు, వాహనం ఎక్కే మెట్టు ఎంత ఎత్తు, నీడలో కుర్చీ దొరుకుతుందా అని విడిగా అడగండి. సెయింట్ థామస్‌లో ట్రక్కు వెనక బెంచీలు వేసిన సఫారీ టాక్సీల్లాంటి వాటికి మెట్టు ఎత్తుగా ఉంటుంది. కొన్ని బీచ్‌లలో ఇసుక మీద నడిచే వెడల్పు చక్రాల కుర్చీలు అడిగితే ఇస్తారు. క్యురసావ్‌లోని విల్లెంస్టాడ్ లాంటి ఊరైతే బీచ్ కన్నా నయం. రంగురంగుల డచ్ ఇళ్ళ ఎదుట కూర్చుని, 1888 నాటి నీళ్ళ మీద తేలే వంతెన ఓడలకు దారి ఇవ్వడానికి పక్కకు జరగడం చూస్తూ సాయంత్రం గడిపేయవచ్చు.

చీర, చుడీదార్‌తో నీళ్ళలో దిగితే ఎవరైనా ఏమైనా అంటారా?

ఎవరూ అనరు. కానీ నూలు బట్ట తడిస్తే బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది, అలల్లో అది ప్రమాదం. ఒడ్డున కాళ్ళు తడుపుకోవడానికి చీర చాలు. లోతుకు వెళ్ళేవారికి పొడుగు చేతుల ఈత చొక్కా, ఈత లెగ్గింగ్స్ కొనండి. అక్కడ ఎండకు భయపడి ఎంతోమంది అవే వేసుకుంటారు. ఒక్క హెచ్చరిక: బార్బడోస్, జమైకా, సెయింట్ లూసియాలతో పాటు కొన్ని దీవుల్లో సైనిక దుస్తుల మచ్చల డిజైన్ (కామఫ్లాజ్) బట్టలు పౌరులు వేసుకోవడం నేరం. పిల్లల నిక్కర్లకు కూడా ఈ నియమం వర్తిస్తుంది.

## టూర్ల సంగతి

కోజుమెల్ నుంచి తులుం మాయా శిథిలాలకు వెళ్ళడం సాధ్యమేనా?

సాధ్యమే, కానీ రోజంతా దానికే. కోజుమెల్ దీవి నుంచి ప్లాయా దెల్ కార్మెన్‌కు ముప్పావుగంట ఫెర్రీ, అక్కడి నుంచి దాదాపు గంట బస్సు. మళ్ళీ అదంతా వెనక్కి. ఫెర్రీ ఊగుతుంది, వాంతులయ్యేవారు మందు వేసుకోవాలి. సముద్రం అంచున కొండమీద నిలబడ్డ ఆ కోటను చూస్తే శ్రమ మరిచిపోతాం, చరిత్రంటే ఇష్టమున్నవారికి గట్టిగా చెబుతాను వెళ్ళమని. నీడ ఉండదు, గొడుగు తీసుకెళ్ళండి. అంత ప్రయాణం వద్దనుకుంటే కోజుమెల్‌లోనే శాన్ హెర్వాసియో అనే చిన్న మాయా క్షేత్రం ఉంది.

జమైకాలో డన్స్ రివర్ జలపాతం ఎక్కడం కష్టమా?

ఓపిక ఉన్నవారికి కష్టం కాదు, పట్టు తప్పేవారికి వద్దు. దాదాపు 600 అడుగుల పొడవున మెట్లు మెట్లుగా దిగే ఏరు, నేరుగా సముద్రంలో కలుస్తుంది. కింద నుంచి పైకి చేతులు పట్టుకుని గొలుసుగా ఎక్కుతారు. రాళ్ళు జారతాయి, రబ్బరు నీటి బూట్లు తప్పనిసరి. ఎక్కలేనివారు పక్కనున్న మెట్ల దారిలో నడుస్తూ చూడవచ్చు.

మా నాన్నగారికి బీచ్‌లంటే విసుగు, క్రికెట్ అంటే ప్రాణం.

అయితే బార్బడోస్‌లో ఆగే ఓడ ఎక్కండి. బ్రిడ్జ్‌టౌన్‌లో రేవుకు దగ్గరలోనే కెన్సింగ్టన్ ఓవల్ ఉంది. 2024 జూన్ 29న భారత్ టీ20 ప్రపంచకప్ గెలిచిన మైదానం అది. ఆ జట్టులో మన హైదరాబాద్ సిరాజ్ కూడా ఉన్నాడు. లోపలికి అనుమతి ఉందో లేదో ఆ రోజు గేటు దగ్గర అడగాలి. బయట నిలబడి ఫొటో తీసుకున్నా ఆయనకు ఆ ప్రయాణం సార్థకమే.

ఓడ కంపెనీ సొంత దీవిలో ఆగుతుందన్నారు. అక్కడ ఏం బుక్ చేయాలి?

ఏమీ చేయకపోయినా రోజు బాగా గడుస్తుంది. కోకోకే, హాఫ్ మూన్ కే లాంటి బహామాస్ దీవుల్లో బీచ్, కుర్చీలు, సాధారణంగా మధ్యాహ్న భోజనం కూడా టికెట్‌లోనే కలిసి ఉంటాయి. వాటర్ పార్కు, గుడిసెలు, పడవలకే అదనపు డబ్బు. నీడ కింద కుర్చీలు తొందరగా నిండిపోతాయి, ఉదయమే దిగండి.

## రేవులో దిగే రోజు

ఫోన్ చూసుకుంటూ తిరిగితే సమయానికి వచ్చేయగలం కదా?

ఫోన్‌ను నమ్మవద్దు. అది దీవి సమయానికి తనంతట తాను మారిపోతుంది, ఓడ మాత్రం తన సమయం పాటించవచ్చు. కోజుమెల్‌లో వేసవిలో గడియారం ఫ్లోరిడా కన్నా గంట వెనక ఉంటుంది. ఫోన్‌లో మూడని చూసి మీరు తీరిగ్గా కొబ్బరి నీళ్ళు తాగుతుంటే ఓడలో నాలుగై ఉంటుంది. దిగే ముందు గుమ్మం దగ్గర బోర్డు ఫొటో తీసుకోండి, చేతికి మామూలు వాచీ పెట్టుకుని ఓడ సమయమే ఉంచండి.

టెండర్ రేవు అని రాశారు. అంటే ఏమిటి?

ఓడ సముద్రంలోనే లంగరు వేస్తుంది, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. గ్రాండ్ కేమన్, బెలీజ్ సిటీ అలాంటివి. రెండు వైపులా వరుసలు ఉంటాయి కాబట్టి మరో గంట తీసేసుకోండి. పడవ ఊగుతున్నప్పుడు ఎక్కడం పెద్దవాళ్ళకు కష్టం, సిబ్బంది చేయి పట్టుకుంటారు.

టాక్సీవాళ్ళతో బేరం ఆడాలా? డాలర్లు తీసుకుంటారా?

చాలా దీవుల్లో మీటర్లు లేవు, ప్రాంతాన్ని బట్టి నిర్ణీత ధరలు ఉంటాయి. రేవు దగ్గర ధరల బోర్డు చూడండి. ఎక్కే ముందే రెండు విషయాలు అడగండి: ధర మనిషికా, బండికా? వెళ్ళడానికేనా, రానూ పోనూనా? అమెరికా డాలర్లు దాదాపు అన్నిచోట్లా చెల్లుతాయి, చిల్లర మాత్రం వాళ్ళ డబ్బులో ఇస్తారు. ఒకటి, ఐదు డాలర్ల నోట్లు దగ్గర పెట్టుకుంటే ఆ బెడద ఉండదు.

శాకాహారులం. ఓడ నుంచి పులిహోర కట్టుకుని దిగవచ్చా?

కుదరదు. వండిన పదార్థాలు, పండ్లు ఒడ్డుకు తీసుకెళ్ళడాన్ని దీవుల వ్యవసాయ చట్టాలు అనుమతించవు. సీలు తీయని బిస్కెట్ ప్యాకెట్లకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఒడ్డున రోటీ దుకాణం ఉందా అని అడగండి. 1845 నుంచి ట్రినిడాడ్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళిన మనవాళ్ళ వంట అది, ఇప్పుడు తూర్పు దీవుల్లో చాలాచోట్ల దొరుకుతుంది. ఆలూ, శనగల కూర పెట్టి చుట్టి ఇస్తారు. దాల్‌పూరి అయితే పసుపు బఠాణీపప్పు పొడి కూరిన తీపి లేని బొబ్బట్టులా ఉంటుంది. వేడివేడిగా చేతిలో పెడితే అమ్మ ముందు వాసన చూసి, జీలకర్ర వేశారని పోల్చుకుంది.

మామూలు సన్‌స్క్రీన్ సరిపోతుందా?

డబ్బా వెనక చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్నవి పగడాలకు హాని చేస్తాయని అమెరికా వర్జిన్ దీవులు (సెయింట్ థామస్, సెయింట్ జాన్ వీటిలోవే) 2020లో నిషేధించాయి. జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనండి.

బీచ్‌లో చెట్టు నీడన కూర్చోవచ్చా?

ఎర్ర రంగు పట్టీ వేసిన చెట్టయితే కూర్చోవద్దు. మాంచినీల్ అనే ఆ చెట్టు కాయలు చిన్న ఆకుపచ్చ ఆపిల్ పళ్ళలా ఉంటాయి, తింటే ప్రాణాల మీదకు వస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడకూడదని మన ఇళ్ళలో పిల్లలకు చెబుతాం కదా, దీని పాలు అంతకన్నా ఘోరం. వాన పడేటప్పుడు ఆకుల మీద నుంచి కారే నీళ్ళకే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. అన్ని చెట్లకూ గుర్తులు ఉండవు, కింద రాలిన కాయలు చూసి పిల్లల్ని దూరంగా ఉంచండి.

నిజంగానే ఓడ వెళ్ళిపోతే?

రేవులోని ఓడ ప్రతినిధి దగ్గరకు వెళ్ళండి. ఆ ఫోన్ నంబరు ఓడలో రోజూ ఇచ్చే కాగితం మీద ఉంటుంది, దిగే ముందు ఫొటో తీసుకోండి. తర్వాతి రేవుకు చేరే ఖర్చు మీదే. పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్ళు ఎప్పుడూ సంచిలో ఉండాలి.

పిల్లలు ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు తెచ్చుకోవచ్చా?

పగడాలు వద్దు. వాటికి అంతర్జాతీయ రక్షణ ఉంది, రేవులో తీసేసుకుంటారు, జరిమానా కూడా పడవచ్చు. జాతీయ పార్కుల్లో గవ్వలు, ఇసుక కూడా తీయకూడదు. మా అబ్బాయి ట్రంక్ బేలో ఏరినవన్నీ వరుసగా ఇసుక మీద పేర్చి, ఫొటో తీసుకుని, అలకు దగ్గరగా వదిలి వచ్చాడు.